పాత ప్రోనోటును ఇంకెన్నిసార్లు తిరగరాస్తావు?

  

ఈరోజు మన ధ్యానం కోసం ఫిలిప్పీయులకు 3వ అధ్యాయం 13, 14 వచనాలు తీసుకుందాం. దయచేసి మీ బైబిలు తెరిచి ఆ రెండు వచనాలు నెమ్మదిగా చదువుకోండి. అక్కడ పౌలు గారు పరుగు పందెంలో ఉన్న మనిషిలా మాట్లాడుతున్నారు. దాటి వచ్చిన దారిని తలచుకోకుండా, ముందున్న గురి మీదే కన్ను పెట్టి పరుగెత్తుతున్నానని చెబుతున్నారు. ఈ మాట రాసినప్పుడు ఆయన సంకెళ్లలో ఉన్నారు. అదే పత్రిక 1వ అధ్యాయంలో ఆ సంగతి ఆయనే చెప్పుకున్నారు. కాళ్లు కదలని చోట కూర్చుని పరుగు గురించి రాశారు. అది గుర్తు పెట్టుకోండి.

కొంతకాలం క్రితం కూడిక అయిపోయాక ఒక సహోదరి వచ్చి అన్నారు. "అన్నా, ఆ వచనం చదివిన ప్రతిసారీ నాకు భయమేస్తుంది. జరిగినవన్నీ మరచిపోవాలని ఉపవాసముండి ప్రార్థన చేస్తున్నాను. మోకాళ్ల మీద నుంచి లేచేసరికి అన్నీ మళ్లీ గుర్తొస్తాయి. నేను నిజంగా రక్షణ పొందలేదేమో అనిపిస్తుంది." ఆ రోజు నేను ఆమెకు ఏదో పైపైన చెప్పి పంపేశాను. నిజం చెప్పాలంటే నా దగ్గర కూడా జవాబు లేదు. ఎందుకు లేదో ముందుకు వెళ్లేకొద్దీ మీకే అర్థమవుతుంది. ఆమెకు ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఈరోజు చెప్పాలని ప్రభువు నన్ను ప్రేరేపించాడు.

పౌలు నిజంగా మరచిపోయాడా?

ఒక్కసారి ఆలోచించండి. స్తెఫనును రాళ్లతో కొట్టి చంపుతున్నప్పుడు, సాక్షులు తమ వస్త్రాలు ఎవరి పాదాల దగ్గర పెట్టారు? సౌలు అనే యౌవనుడి దగ్గర. అది అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయంలో ఉంది. ఏళ్లు గడిచాక 22వ అధ్యాయంలో, యెరూషలేములో జనసమూహం ఎదుట నిలబడి, ఆ సంగతి పౌలే తన నోటితో చెప్పాడు. 26వ అధ్యాయంలో అగ్రిప్ప రాజు ముందు మళ్లీ తన పాత జీవితం చెప్పాడు. గలతీయులకు రాస్తూ చెప్పాడు, కొరింథీయులకు రాస్తూ చెప్పాడు, తిమోతికి రాస్తూ చెప్పాడు. ఇన్నిసార్లు చెప్పినవాడు మరచిపోయినట్టా?

కాదు కదా. పౌలుకు అన్నీ గుర్తున్నాయి. అంటే బైబిలు చెప్పే మరచిపోవడం వేరు, మనం అనుకునే మరచిపోవడం వేరు. మనమేమో బుర్రలోంచి ఆ సంగతి తుడిచిపెట్టుకుపోవాలి అనుకుంటాం. తుడిచిపెట్టుకుపోకపోతే మన విశ్వాసంలో లోపం ఉందని కుమిలిపోతాం. ఈ రెండింటికీ తేడా ఏమిటో చెప్పాలంటే మనందరికీ తెలిసిన ఒక కాగితం గురించి మాట్లాడాలి. అదే ప్రోనోటు.

మన ఊళ్లల్లో అప్పు ఇచ్చిపుచ్చుకునే వాళ్లకు ఇది బాగా తెలుసు. తెల్ల కాగితం మీద అసలు ఎంత, వడ్డీ ఎంత అని రాస్తారు. రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా అప్పు తీసుకున్నవాడి చేత సంతకం పెట్టిస్తారు. ఆ కాగితానికి ఒక ఆయుష్షు ఉంది. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటైతే, రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలోపు కోర్టుకు వెళ్లాలి. ఆ గడువు దాటితే నోటుకు కాలదోషం పట్టిందంటారు. అందుకే అప్పు ఇచ్చినవాళ్లు ఏం చేస్తారు? గడువు దగ్గర పడేసరికి కొంత ముట్టినట్టు నోటు వెనక జమ రాయించుకుంటారు, లేదంటే పాత నోటు తీసేసి కొత్త తేదీతో తిరగరాయించుకుంటారు. అప్పు పాతదే, తేదీ మాత్రం కొత్తది.

ప్రియులారా, మన మనసులో గతం సరిగ్గా ఇలాగే పని చేస్తుంది. ఎప్పుడో జరిగిన అవమానం దానంతట అదే పాతబడిపోవాల్సింది. మనం పాతబడనివ్వం. పెళ్లిలో ఆ మనిషి ఎదురు పడగానే తిరగరాస్తాం. వాళ్లు ఇల్లు కట్టుకున్నారని తెలియగానే తిరగరాస్తాం. రాత్రి నిద్ర పట్టనప్పుడు పడుకునే తిరగరాస్తాం. ఇరవై ఏళ్ల నాటి మాట నిన్న సాయంత్రం అన్నట్టే ఉంటుంది. ఎందుకని? తేదీ మార్చింది మనమే కాబట్టి.

నా బీరువాలో ఉన్న కాగితం

ఇది ఎవరి గురించో చెప్పడం లేదు, నా గురించే చెబుతున్నాను. మా అన్నయ్య కౌలుకు తీసుకుని మిర్చి వేసిన ఏడాది ధర పడిపోయింది. అప్పులవాళ్లు ఇంటి ముందు కూర్చున్నారు. అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నా దగ్గర చేతిలో డబ్బు లేదు. నా భార్య తన పెళ్లినాటి గాజులు తీసి నా చేతిలో పెట్టింది. వాటిని తాకట్టు పెట్టి, కొంత బయట తెచ్చి, మొత్తం రెండు లక్షలు తీసుకెళ్లి ఇచ్చాను. అమ్మే అంది, "అన్నదమ్ములైనా సరే, కాగితం రాసుకోండిరా, రేపు మాటలు రాకుండా ఉంటాయి" అని. అన్నయ్య ప్రోనోటు రాసి సంతకం పెట్టాడు.

ఆ డబ్బు తిరిగి రాలేదు. గాజులు విడిపించుకోలేకపోయాం, అవి వేలంలో పోయాయి. దానికైనా ఓర్చుకున్నాను. కానీ ఒకరోజు బంధువుల ఎదుట ఆ మాట వచ్చినప్పుడు అన్నయ్య, "వాడు నాకిచ్చిందేంటి? నాన్న పొలం మీద వాడు తిన్నదాంట్లో అది చెల్లు" అన్నాడు. నన్ను కోసేసింది ఆ మాట. గడువు దాటాక ఒక వకీలు గారికి నోటు చూపిస్తే, కాలదోషం పట్టింది, ఇక లాభం లేదన్నారు. అంటే ఆ కాగితం విలువ ఆ రోజు నుంచి సున్నా. అయినా నేను దాన్ని పారేయలేదు. ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో, బాప్తిస్మం నాడు నాకిచ్చిన పాత బైబిలు పక్కనే దాచాను. తొమ్మిదేళ్లు దాచాను.

ఆ తొమ్మిదేళ్లూ నేను వాక్యం చెబుతూనే ఉన్నాను. క్షమాపణ మీద కూడా చెప్పాను. చెప్పి ఇంటికొచ్చి, అన్నయ్య ట్రాక్టర్ కొన్నాడని తెలిస్తే ఆ రాత్రి అన్నం సహించేది కాదు. కుటుంబ ప్రార్థనలో అందరి పేర్లూ వచ్చేవి, ఆ ఒక్క పేరు దగ్గర గొంతు ఆగిపోయేది. ఆ సహోదరికి నేను జవాబు ఎందుకు చెప్పలేకపోయానో ఇప్పుడు మీకు అర్థమైందనుకుంటాను.

కొడుక్కి "మరపు" అని పేరు పెట్టిన తండ్రి

ఇప్పుడు యోసేపు దగ్గరికి వెళ్దాం. ఆదికాండము 37వ అధ్యాయంలో యోసేపుకు 17 ఏళ్లు. సొంత అన్నలు అంగీ ఒలిచి, గుంటలో పడేసి, 20 వెండి నాణేలకు అమ్మేశారు. 41వ అధ్యాయంలో ఫరో ఎదుట నిలబడేసరికి అతనికి 30 ఏళ్లు. మధ్యలో 13 ఏళ్లు బానిసత్వం, చేయని తప్పుకు నింద, చెరసాల. ఆ తరువాత పెళ్లి, పిల్లలు. 41:51 చూడండి. పెద్ద కొడుక్కి మనష్షే అని పేరు పెట్టాడు. మరచిపోయేలా చేయడం అని ఆ పేరులో అర్థం. తాను పడిన బాధనంతా, తండ్రి ఇంటిని కూడా దేవుడే మరపించాడని దానికి కారణం చెప్పాడు.

ఇక్కడ మూడు సంగతులు గమనించండి.

మొదటిది. యోసేపు ఆ పేరు ఎప్పుడు పెట్టాడు? 41:50 ప్రకారం కరవు రాకముందే. అంటే అన్నలు ఐగుప్తుకు ఇంకా రాలేదు. సాష్టాంగపడలేదు. ఒక్కరు కూడా "తమ్ముడా, తప్పయిపోయింది" అనలేదు. వాళ్లు వస్తారో రారో కూడా యోసేపుకు తెలియదు. అవతలివాళ్లు వచ్చి ఒప్పుకున్నాక వదిలేద్దామని అతను ఆగలేదు. మనలో చాలామంది అక్కడే ఆగిపోతాం. "వాళ్లు వచ్చి ఒక్క మాట అననీ, అప్పుడు చూద్దాం" అంటాం. వాళ్లు రారు. కొందరు వచ్చే లోపే చనిపోతారు. మన విడుదల తాళం చెవి తీసుకెళ్లి, మనల్ని గాయపరచినవాడి జేబులోనే వేస్తాం.

రెండవది. మరచిపోయాను అన్నవాడు అన్నలను చూడగానే ఏమయ్యాడు? 42:24లో అవతలికి వెళ్లి ఏడ్చాడు. 43:30లో లోపలి గదిలోకి వెళ్లి ఏడ్చాడు. 45:2లో ఇంటి బయటివాళ్లకు కూడా వినబడేలా ఏడ్చాడు. తండ్రి ఇంటిని మరచిపోయాను అన్నవాడు నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న తండ్రి బతికే ఉన్నాడా అని. అయితే మనష్షే అని పేరు పెట్టడం అబద్ధమా? కాదు. జ్ఞాపకం ఉంది, కన్నీళ్లు ఉన్నాయి. లేనిది ఒక్కటే: వసూలు. ధాన్యపు కొట్ల తాళాలు అతని చేతిలో ఉన్నాయి, అన్నలు ఆకలితో అతని ముందు నిలబడ్డారు. పాత బాకీ వడ్డీతో సహా రాబట్టుకోవడానికి అంతకన్నా మంచి రోజు ఉంటుందా? అయినా వసూలు చేయలేదు. గోనెల్లో ధాన్యం నింపించి, వాళ్ల డబ్బు కూడా వాళ్లకే తిరిగి పెట్టించాడు.

నా సహోదరీ, నీకు గుర్తొస్తోందంటే నీకు విశ్వాసం లేదని కాదు. ఏడుపు వచ్చిందంటే నువ్వు క్షమించలేదని కాదు. బైబిలు చెప్పే మరపు అంటే ఆ లెక్క మీద ఇక వసూలుకు వెళ్లకపోవడం. యిర్మీయా 31:34లో దేవుడే తన ప్రజల పాపాలను ఇక తలచుకోనని వాగ్దానం చేశాడు. సర్వజ్ఞుడైన దేవుడికి మతిమరపు వస్తుందా? రాదు. ఆ లెక్క మళ్లీ నీ ముందు పెట్టి నిన్ను అడగను అంటున్నాడు. ప్రభువు మరచిపోయే పద్ధతి అది. మన నుంచి ఆయన కోరేది కూడా అదే.

మూడవది. యోసేపు వదిలేశాడు కానీ, వెంటనే నమ్మేయలేదు. అన్నలను మూడు రోజులు కావలిలో ఉంచాడు. షిమ్యోనును ఆపుకున్నాడు. తనను అమ్మినవాళ్లు బెన్యామీనును కూడా అలాగే వదిలేసి పోతారా అని చూశాడు. 44వ అధ్యాయంలో, తమ్ముడికి బదులు నేను బానిసగా ఉంటానని యూదా ముందుకు వచ్చాడు. ఒకప్పుడు తమ్ముణ్ణి అమ్ముదామని చెప్పింది ఆ యూదాయే. ఆ మార్పు కళ్లారా చూశాకే యోసేపు తానెవరో బయటపెట్టాడు. క్షమాపణ ఉచితంగా ఇవ్వవచ్చు. నమ్మకం మాత్రం అవతలివాడు మారినట్టు కనబడ్డాకే తిరిగి కట్టుకోవాలి.

ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, క్షమించు క్షమించు అని చెప్పి, కొట్టే భర్త దగ్గరికి ఆడపిల్లల్ని తిరిగి పంపిన పెద్దలు మన సంఘాల్లో కూడా ఉన్నారు. అది వాక్యం కాదు. ప్రాణానికి ముప్పు ఉన్న చోటి నుంచి బయటికి రా. మహిళల సహాయం కోసం ప్రభుత్వం 181 నంబరు పెట్టింది, వాడుకో. పిల్లల మీద అఘాయిత్యం జరిగితే దాచిపెట్టడం క్షమాపణ కాదు, అది పోలీసులకు చెప్పాల్సిన సంగతి. మనసులో కక్ష వదిలేయడం వేరు, నేరాన్ని కప్పిపుచ్చడం వేరు. గతం వల్ల నిద్ర లేక, బతకాలని లేక బాధపడుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు. టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి మాట్లాడవచ్చు. దేవుడు వైద్యుల చేతుల ద్వారా కూడా పని చేస్తాడు.

ఆరు కోట్ల రోజుల కూలి

ఇక్కడ ఒకరు అడగవచ్చు. "బాగుంది బ్రదర్, వసూలు చేయొద్దు అంటున్నారు. కానీ నష్టపోయింది నేను కదా, ఆ నష్టం ఎవరు భరిస్తారు?" న్యాయమైన ప్రశ్న. మత్తయి 18:23 నుంచి ప్రభువు చెప్పిన ఉపమానం చదవండి. ఒక దాసుడు రాజుకు 10,000 తలాంతులు బాకీ. అతనికి తోటి దాసుడు 100 దేనారాలు బాకీ. దేనారం అంటే ఆ రోజుల్లో ఒక రోజు కూలి. 100 దేనారాలు అంటే 100 రోజుల కూలి. అది చిన్న మొత్తమా? కూలి చేసుకునే ఇంట్లో మూడు నెలలకు పైగా తిండి. చూశారా, నీకు జరిగిన నష్టం చిన్నదని యేసయ్య అనలేదు. ఆయన దాన్ని లెక్క కట్టి చెప్పాడు. నీ గాజులు, నీ పరువు, నీ యౌవనం, నీ పిల్లల చదువు, అన్నీ ఆయన లెక్కలో ఉన్నాయి.

కానీ అవతలి లెక్క కూడా చూడు. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. 10,000 తలాంతులు అంటే 6 కోట్ల రోజుల కూలి. ఎన్ని జన్మలెత్తినా తీరేది కాదు. రాజు దాన్ని కొట్టేశాడు. కొట్టేస్తే ఆ మొత్తం గాలిలో కలిసిపోదు, ఆ నష్టం రాజే భరించాడు. కొలొస్సయులకు 2:14లో పౌలు ఏమంటాడంటే, మన మీద ఉన్న రుణపత్రాన్ని దేవుడు చెరిపేసి, అడ్డం తీసి, సిలువకు మేకులతో కొట్టేశాడట. అక్కడ గ్రీకులో ఉన్న మాటకు చేతిరాత అని అర్థం. అప్పు తీసుకున్నవాడు తన చేత్తో రాసి ఒప్పుకున్న పత్రం. మన భాషలో చెప్పాలంటే ప్రోనోటే. నీ సంతకం ఉన్న నోటు అది. దాన్ని మేకులు కొట్టిన చోట ఎవరి చేతులు ఉన్నాయి? ఆ రక్తం ఎవరిది? నష్టం ఎవరు భరిస్తారు అని అడిగావు కదా. చూడు, భరించినవాడు అక్కడ వేలాడుతున్నాడు. ఆయన దగ్గర ఆరు కోట్ల రోజుల కూలి మాఫీ చేయించుకుని బయటికొచ్చి, నూరు రోజుల కూలి కోసం అన్న గొంతు పట్టుకున్నది నేనే.

జిరాక్స్ కాపీ దాచుకున్నవాళ్లు

ఇప్పటిదాకా మనకు అన్యాయం చేసినవాళ్ల గురించి మాట్లాడుకున్నాం. కానీ ఇది చదువుతున్న కొందరి బాధ అది కాదు. "నాకెవరూ ఏమీ చేయలేదు బ్రదర్. చేసింది నేను." గర్భంలో బిడ్డను తీయించుకున్న తల్లి ఉండవచ్చు. తాగి ఇంటిని కూల్చిన తండ్రి ఉండవచ్చు. అమ్మానాన్నలు చివరి రోజుల్లో పిలిచినా వెళ్లని కొడుకు ఉండవచ్చు. మీ కోసం యోసేపు కథలోనే ఇంకొక మాట ఉంది.

యోసేపు తనను తాను తెలియజేసుకున్నప్పుడు అది కరవులో రెండో సంవత్సరం. లెక్క వేస్తే అతనికి 39 ఏళ్లు. ఆ రోజే అన్నలను ముద్దు పెట్టుకుని క్షమించాడు. తరువాత యాకోబు ఐగుప్తులో 17 ఏళ్లు బతికాడు. ఆ 17 ఏళ్లూ యోసేపే వాళ్లను పోషించాడు. తండ్రి చనిపోగానే 50:15లో అన్నలు ఏమనుకున్నారు? ఇక వీడు మన మీద పగ తీర్చుకుంటాడేమో అని భయపడ్డారు. తండ్రి చెప్పాడంటూ ఒక కబురు పంపారు. ఆ కబురు విని యోసేపు మళ్లీ ఏడ్చాడు. ఎందుకు ఏడ్చాడు? తను 17 ఏళ్ల క్రితమే చింపేసిన నోటుకు వీళ్లు జిరాక్స్ కాపీ దాచుకున్నారు. రోజూ అతని అన్నం తింటూనే ఉన్నారు, అతణ్ణి మాత్రం నమ్మలేదు.

దేవుడు క్షమించాడని ఆదివారం పాడుతూ, సోమవారం నుంచి శనివారం దాకా నన్ను నేను క్షమించుకోలేను అంటున్న నా తమ్ముడూ, నా చెల్లీ, మీ చేతిలో ఉన్నది జిరాక్స్ కాపీ. అసలు పత్రం సిలువ దగ్గర ఉంది. అసలు లేని జిరాక్స్ ఏ కోర్టులో చెల్లుతుంది? సాతాను దాన్ని పట్టుకునే మిమ్మల్ని బెదిరిస్తున్నాడు.

పేతురును చూడండి. యోహాను 18:18లో బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ, ఆయనెవరో నాకు తెలియదన్నాడు. మూడుసార్లు అన్నాడు. ప్రభువు తిరిగి లేచాక, 21:9లో సముద్రపు ఒడ్డున పేతురు కోసం ఏం సిద్ధం చేశాడు? బొగ్గుల మంట. మళ్లీ అదే వాసన, అదే పొగ. అక్కడ మూడు ప్రశ్నలు అడిగాడు. పేతురు తప్పు జరిగిన చోటును ప్రభువు దాటవేయలేదు. అక్కడికే తీసుకెళ్లి కూర్చోబెట్టి, ముందు భోజనం పెట్టి, తరువాత మాట్లాడి, చివరికి గొర్రెలను అప్పగించాడు. గతం నుంచి పారిపోతే విడుదల రాదు. ఆ గతంలోకి యేసయ్యను పిలిస్తే వస్తుంది. నువ్వు ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే, వెళ్లి ఒప్పుకో. తిరిగి ఇవ్వగలిగింది ఉంటే జక్కయ్యలా ఇచ్చెయ్. ఆ తరువాత ఆ మంట దగ్గర నుంచి లేచి ఆయన వెంట నడువు.

చెల్లు

నా కాగితం ఏమైందో చెప్పి ముగిస్తాను. ఒకరోజు బీరువా సర్దుతూ నా భార్య ఆ కవరు బయటికి తీసింది. "ఇది ఇంకా ఉంచుకున్నారా?" అంది. నేను మాట్లాడలేదు. "గాజులు నావండీ. నేను ఎప్పుడో వదిలేశాను. మీరింకా మోస్తున్నారా?" అంది. ఆ మాటతో నా తల దించుకుపోయింది. తొమ్మిదేళ్లు నేను ఎవరి పక్షాన కోపపడుతున్నానని అనుకున్నానో, ఆ మనిషి నా పక్కనే బోసి చేతులతో హాయిగా నిద్రపోయింది.

వెంటనే నాలో ఆవేశం వచ్చింది. "సరే, రేపే ఊరెళ్తాను. అన్నయ్య ముందే దీన్ని చింపి వస్తాను" అన్నాను. ఆమె నన్ను ఒక చూపు చూసి, "ఆయన ముందు చింపితే వదిలేసినట్టా, గెలిచినట్టా?" అంది. దైవజనుడినని అందరూ పిలిచే నాకు ఆ రోజు వాక్యం చెప్పింది మా ఆవిడే.

ఆ రాత్రి నోటు వెనక "చెల్లు" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. ఇద్దరం ప్రార్థన చేసుకుని చింపేశాం. అన్నయ్యకు ఈ సంగతి చెప్పలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అవలేదు. రెండు వారాల తరువాత ఎవరో ఏదో అంటే మళ్లీ ఆ కోపం లేచింది. అలవాటుగా మనసు బీరువా వైపు వెళ్లింది. అక్కడ కాగితం లేదు. మళ్లీ "ప్రభువా, చెల్లు" అన్నాను. ఇలా ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఏడు డెబ్బదులసార్లు అని పేతురుకు ప్రభువు చెప్పింది అవతలివాడు అన్ని తప్పులు చేస్తాడని మాత్రమే అనుకునేవాణ్ణి. ఒకే తప్పును అన్నిసార్లు క్షమించాల్సి వస్తుందని ఇప్పుడు తెలిసింది.

తరువాత ఒకరోజు అన్నయ్యకు ఫోన్ చేసి మోకాలు నొప్పి ఎలా ఉందని అడిగాను. రెండు నిమిషాలు మాట్లాడాడు. పెట్టేసే ముందు, "పిల్లలు బాగున్నారా?" అన్నాడు. అంతే. ఈరోజుకీ ఆ డబ్బు మాట ఆయన ఎత్తలేదు, ఒప్పుకోలేదు. ఎత్తుతాడో లేదో నాకు తెలియదు. కానీ కుటుంబ ప్రార్థనలో ఆయన పేరు దగ్గర నా గొంతు ఆగడం లేదు. యోసేపు రెండో కొడుకు పేరు ఎఫ్రాయిము. ఫలించడం అని ఆ పేరులో అర్థం. మనష్షే పుట్టాకే ఎఫ్రాయిము పుట్టాడు. మన ఇంట్లో కూడా అదే వరుస.

ప్రియ చదువరీ, ఈ వారం ఒక పని చెయ్యి. ఒక కాగితం తీసుకో. నీకు బాకీ పడినవాళ్ల పేరు, ఏం పోగొట్టుకున్నావో స్పష్టంగా రాయి. చిన్నది చేసి రాయవద్దు, ఉన్నది ఉన్నట్టు రాయి. లేదా నువ్వు చేసిందే నిన్ను తింటుంటే అది రాయి. దాన్ని ప్రభువు ఎదుట చదివి, అడ్డంగా "చెల్లు" అని రాసి చింపెయ్యి. రేపు మళ్లీ గుర్తొస్తే కంగారు పడకు. గుర్తు రావడం పాపం కాదు. తిరగరాయవద్దు, అంతే. సంకెళ్లలో ఉన్న పౌలు పరుగెత్తగలిగాడు. నీ చేతిలో కాగితం లేకపోతే నువ్వూ పరుగెత్తగలవు.

ప్రార్థన చేసుకుందాం.

పరిశుద్ధుడవైన తండ్రీ, మా నోటును నీ కుమారుని సిలువకు కొట్టినందుకు స్తోత్రము. మేము మాత్రం ఇతరుల నోట్లను బీరువాల్లో దాచుకున్నాం, మమ్మల్ని క్షమించు. గాయపడి ఈ మాటలు చదువుతున్న ప్రతి బిడ్డ కన్నీళ్లు నీకు తెలుసు. వారి నష్టాన్ని నీవు చిన్నచూపు చూడవు. వదిలేసే బలం మాకు లేదు, నీ ఆత్మ చేత అనుగ్రహించు. చేసిన తప్పు జిరాక్సును పట్టుకుని వణుకుతున్న వారికి, అసలు పత్రం ఎక్కడుందో చూపించు. మళ్లీ కోపం లేచిన ప్రతిసారీ "చెల్లు" అనే కృప దయచేయి. మా ఇళ్లల్లో మనష్షే తరువాత ఎఫ్రాయిమును పుట్టించు. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను దీవించును గాక.